ఆకు వద్దన్న వెలుగులో పదిహేనేళ్లు

2011 జూన్ ఆరో తేదీన మన ప్రయోగశాలలో చేరేనాటికి, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న, మనమందరం గౌరవంగా ‘స్టూడియోగారు’ అని పిలుచుకునే ఆయన చేతిలో ఉన్నవి మూతపడ్డ ఫొటో దుకాణంలోని ఎర్ర దీపం, చీకట్లో తడబడని వేళ్లు. వయసు నలభై అయిదు. ఆర్నెల్ల పరీక్షాకాలం గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయం.

ఆయనకు అప్పగించింది స్ఫటికాల గది. మొక్కల్లో నీటిని విడగొట్టి ప్రాణవాయువును పుట్టించే ప్రోటీన్‌ను ధూళికన్నా సన్నని స్ఫటికాలుగా పెంచాలి. ఎక్స్-రే లేజర్ ఒక్కోదాన్ని ఒక్కసారే చిత్రం తీస్తుంది. ఆ దెబ్బకే అది తునాతునకలవుతుంది. ముందుగా వెలుగు సోకితే సరుకు చెడుతుంది కనుక మసక పచ్చ దీపం కిందే పని. లేజర్ మనకు దొరికేది ఏడాదికి అరవై గంటలు.

రెండో నెలలో పచ్చ దీపం మాడిపోయింది. స్టూడియోగారు, ఫొటో కాగితాన్ని చెడగొట్టని దీపమన్న అనుభవం మీది ధీమాతో తన ఎర్ర దీపం తగిలించారు. స్ఫటికాలను పరీక్షిస్తే, పుట్టాల్సిన ప్రాణవాయువులో వచ్చింది సగమే! లేజర్‌కు ఇంకా తొమ్మిది రోజులే గడువు. నింద ప్రోటీన్ తీసిన పరిశోధకురాలి మీద పడింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన ప్రయోగశాల నడిపే మన పెద్ద మేడమ్‌ను అడిగారు.

“అమ్మా, ఆకు పచ్చగా ఎందుకుంటుంది?”

“పచ్చ వెలుగు దానికి పెద్దగా అక్కర్లేదండీ, వెనక్కి పంపేస్తుంది. తినేది ఎరుపూ నీలమూ. ఇప్పుడు పాఠాల మీద పడ్డారేంటి?”

“పాఠం కాదమ్మా, కొంప మునిగింది. నా గదిలో వెలిగేది ఎర్ర దీపం. ఆ పిల్లనేమీ అనకండి.”

“నోరు మెదపకపోతే మీ ఉద్యోగానికి ఢోకా ఉండేది కాదుగా!”

“చెడిన సరుకు అంటగట్టి ఎన్నాళ్లు బతుకుతానమ్మా? మిగిలిన ప్రోటీన్ ఎంతుందో చెప్పండి.”

మిగిలింది పావు వంతు. కొత్త పచ్చ దీపం కింద ఆయన ఎనిమిది రోజుల్లో స్ఫటికాలు పెంచి, వాటిని లేజర్ ముందుకు మోసే బొట్టు పరిమాణం తగ్గించి, ఒక్క చుక్క వృథా పోకుండా లేజర్‌కు అందించారు. యాభై ఏడో గంటకు, చిత్రం తీసే క్షణం ముందు కావాలనే వెలుగు చూపాక కొత్తగా వచ్చి చేరిన ఆక్సిజన్ పరమాణువు జాడ తెరమీద తేలింది. నింద మోసిన పరిశోధకురాలే ముందు కేకపెట్టింది: “బాబాయ్, మన సరుకే!”

ఆర్నెల్లు నిండకముందే, ఉద్యోగం ఆ వారమే ఖాయమైంది. తరువాత ఆ గదికి ఆయనే పెద్దదిక్కయ్యారు.

పగళ్లన్నీ చీకటి గదికి ధారపోసిన ఆయనకూ, ఓపికగా ఇల్లు నడిపిన వదినగారికీ ఎండలో తీరిగ్గా నడిచే ఆరోగ్యం, నూరేళ్లు దాటిన ఆయుష్షు కలుగుగాక. ఇక లెక్క చూస్తే, ఆయన చేతుల మీదుగా పోయిన స్ఫటికాలు కోట్లు, తిరిగొచ్చింది ఒక్కటీ లేదు. నీరు ప్రాణవాయువయ్యే దారిలో మజిలీ మజిలీకీ చిత్రం మాత్రం మనకు దక్కింది. తప్పు చేసినవాళ్లు తామే ముందుగా వచ్చి చెప్పుకునే ప్రయోగశాలా దక్కింది.