తెప్ప కింద పళ్లేలు

కొరియా దక్షిణ తీరంలో, ఆల్చిప్పలు పెంచే ఒక చిన్న రేవు. ఏప్రిల్ ఉదయం. సముద్రంలో మునిగి పనిచేసే మల్సుక్ బకెట్‌తో వచ్చి యోన్‌హీ గుమ్మంలో నిలబడింది.

"పడవ మునిగిన రోజు నుంచి నువ్వు మీ ఆల్చిప్పల తెప్ప మొహం చూడలేదు. అవునా?"

"చూడలేదక్కా. ముందా బకెట్ అవతల పెట్టు. కంపు."

"ఇది మీ తెప్ప కిందదే. ఒక్కసారి చూడు."

"చూడను. ఆ జిగురంటే నాకు రోత. ఆయన్ని ఒడ్డుకు తెచ్చినప్పుడు జుట్టులో, చొక్కా జేబులో, అంతా జెల్లీచేపల జిగురే. మూడుసార్లు కడిగాను."

"నీళ్లు పోసింది నేనే కదే."

"మరి తెలిసీ ఎందుకు తెచ్చావు?"

"ఈ ఏడూ అందరి వలల్లో అవే. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో దిగి చూడమన్నారు. చూశాను. మీ పాత తాళ్లకి చచ్చిన చిప్పలు వేలాడుతున్నాయి. చిప్ప చిప్పకీ గోరంత కాడలు, చీమిడిలాగా. కాడ ఒళ్లంతా అడ్డంగా నొక్కులు పడి, పళ్లేలు దొంతర పెట్టినట్టు తయారవుతుంది. పై పళ్లెం ఊడి ఈదుకుంటూ పోతుంది. తర్వాత దాని కిందది."

"ఆడా మగా లేకుండానే?"

"ఏమీ లేకుండానే. తనని తనే ముక్కలు చేసుకుంటుంది. ఒక్కో ముక్కా వేసవికి తట్టంత జెల్లీచేప."

"థూ. గీకి పారేయండి."

"గీకితే రాలిన తునక మళ్లీ ఎక్కడో అంటుకుంటుంది. తాళ్లతో సహా లాగి ఎండలో వేయాలి. కత్తి తెచ్చాను, నువ్వు ఊఁ అంటే..."

"కొయ్యొద్దు. ఆ తాళ్ల ముడులు ఆయన వేసినవి."

"అందుకేనే నిన్ను అడగడానికొచ్చింది."

"మిగతావాళ్ల తెప్పల కింద లేవా?"

"వాళ్లు పాత తాళ్లు ఏటా తీసేస్తారు. మీ ఆయన నాలుగేళ్లుగా తీయలేదు. ఎందుకో మరి, బద్ధకస్తుడు కాదు."

"అక్కా."

"ఊఁ."

"ఆ రోజు ఆయన వల బరువెక్కి పడవ ఒరిగింది. ఆ వలలోవి... ఇక్కడివేనా?"

"అది అడక్కు."

"ఇక్కడివేనా?"

"రేవంతా వెతికాను. కాడలు ఇంకెక్కడా లేవు."

"బద్ధకం కాదక్కా. పాత తాళ్లు తీసిన రోజు చేతులకి ఆ జిగురుతో వచ్చేవాడు. ఆ చేతులతో నా అన్నం గిన్నె ముట్టుకోవద్దన్నాను. మొహం తిప్పుకుని పడుకున్నాను. ఆ ఏడు నుంచే మానేశాడు."

"యోన్‌హీ..."

"కత్తి లోపల పెట్టు. పద."

అదే రోజు మధ్యాహ్నం, తెప్ప మీద.

"గోళ్లు చీలిపోతున్నాయి. తొడుగులన్నా వేసుకో."

"తొడుగులుంటే ముడి దొరకదు."

"ఒళ్లంతా జిగురైంది చూడు."

"కానీలే."

"వచ్చిందా?"

"ఒకటొచ్చింది. ఇంకా యాభై తొమ్మిది తాళ్లున్నాయి."