ఎడమ మడ్‌గార్డు

ఏదీ, ఫోన్లో ఆ బొమ్మ ఇంకాస్త పెద్దది చెయ్యి తల్లీ. ఇదేనా మీ ఆఫీసు పెద్దాయన కొన్న కారు? బాగుందే. నాలుగు రోజులు వాడిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది. దీపాలేవీ? ఆ సన్నటి గీతలేనా? మా రోజుల్లో కారుకి గుండ్రటి కళ్ళుండేవి, ఎదురొస్తుంటే పలకరించినట్టుండేది. ఇదేమో కళ్ళు చికిలించి, నోరంతా తెరిచి మింగడానికి వస్తున్నట్టుంది. నవ్వకు. లోపల బొత్తాలు కూడా లేవా? అన్నీ ఆ అద్దం మీదేనా? సరేలే. గుద్దుకుంటే ముందు భాగం తనే నలిగిపోయి మనిషిని కాపాడుతుందన్నావు చూడు, అది మాత్రం పాతవాటికి చేతకాలేదు. అప్పట్లో కారు నిక్షేపంలా ఉండేది, మనిషే సొట్టపోయేవాడు. ఆ మాట నాది కాదు, మీ తాతయ్యది.

తాతయ్యంటే నీకు ఫోటోలో మీసాలే తెలుసు. డెంటింగ్ షెడ్డులో ముప్ఫై ఏళ్ళు రేకు కొట్టాడు. సొట్ట తీశాక కంటితో చూసుకునేవాడు కాదు, కన్ను మోసం చేస్తుందనేవాడు. పలచటి గుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచేత్తో మెల్లగా తడిమేవాడు. వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా ఆ చెయ్యి టక్కున ఆగేది. అయితే ఏమైందీ, ఆ చేత్తోనే కదా రేకు వెనకాల ఇనప దిమ్మె పట్టుకునేది. సుత్తి పడ్డప్పుడల్లా అదురు. ఏళ్ళ తరబడి ఆ అదురెక్కి చెయ్యి మొద్దుబారిపోయింది. ఒకరోజు కాగే నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు, అరచెయ్యి కందిపోతున్నా తెలీలేదు. నేను చూశాను. "నోరెత్తకు. షెడ్డులో తెలిస్తే రేపట్నుంచి నన్ను రేకు ముట్టనివ్వరు" అన్నాడు. ఏడాది దాచాం.

సరిగ్గా అప్పుడొచ్చింది డాక్టరమ్మ కారు. వాళ్ళ నాన్నగారి కాలంది. లారీ గుద్ది ఎడమ మడ్‌గార్డు అప్పడమైపోయింది. చేసిన కంపెనీయే మూతబడింది, సామాను ఎక్కడా దొరకదు. ఆవిడకి బదిలీ. శనివారానికి బాగయితే తోలుకుపోతుంది, లేకపోతే తుక్కుకే. షెడ్డు ఓనరేమో, "పుట్టీ దట్టించి రంగు కొట్టెయ్ మేస్త్రీ, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. "ఎండకి పగిలినప్పుడు డాక్టరమ్మే చూస్తుంది" అని ఈయన కొత్త రేకు కోశాడు. కుడి మడ్‌గార్డు మీద కాగితం పరిచి అచ్చు తీసి, దాన్ని తిరగేసి, చూసి చూసి కొట్టాడు. తీరా బిగిస్తే బానెట్ పక్క సందులో పైన వేలు దూరుతోంది, కింద పెన్సిలు కూడా దూరట్లేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. ఏంటి అలా చూస్తావు అంటే, "నీ ఎడమ కనుబొమ కాస్త ఎత్తు. ఇన్నేళ్ళూ గమనించలేదు" అన్నాడు. అప్పుడు తట్టింది ఆయనకి. ఆ పాత కారు కూడా చేతులతో చేసిందే. కుడి పక్క ఒకడు కొట్టుంటాడు, ఎడమ పక్క ఇంకొకడు. రెండూ ఒకటెలా అవుతాయి? ఇదిగో ఈ కొత్త కారుని మధ్యకి మడిస్తే రెండు పక్కలూ అతికినట్టు కలుస్తాయి, మిషను ఒత్తింది కాబట్టి. దానికి అచ్చు పనికొస్తుంది. పాతదానికి తడిమి చూడాల్సిందే. ఎడమది మొద్దు, కుడిదేమో సుత్తి పట్టి కాయలు కాసింది, ఇంక తడమడానికి చెయ్యేదీ?

శనివారానికి ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే "తయారవు, షెడ్డుకి పోదాం" అన్నాడు. నాకేం తెలుసయ్యా అంటే, "పిల్లల ఒంటి వేడి అరచేత్తో చూసి చెప్తావు, అది చాలు" అన్నాడు. మమ్మల్ని చూసి ఓనరు, "ఏం మేస్త్రీ, క్యారేజీ మర్చిపోయావా, ఆవిడొచ్చింది?" అన్నాడు. "చెయ్యి మర్చిపోయాను, తెచ్చుకున్నాను" అన్నాడీయన. అందరూ వింటుండగానే చెప్పేశాడమ్మా. "నా చేతికి స్పర్శ పోయి ఏడాదైంది. ఆవిడ తడిమి చెప్తుంది, నేను కొడతాను. శనివారానికి కుదరకపోతే సుత్తి ఇక్కడే పెట్టేసి పోతాను."

మొదట నేను అంతా నున్నగానే ఉందన్నాను. "భయపడి చెప్తున్నావు. నన్ను తిట్టేటప్పుడు ఎలా చెప్తావో అలా చెప్పు" అన్నాడు. ఇంక చూసుకో. ఇక్కడ గుంట, ఇక్కడ బొడిపె, అది కాదయ్యా, ఇటు, మళ్ళీ కొట్టు. రంగులు కొట్టేవాడొకడు, "ఇంట్లో చాలక ఇక్కడ కూడానా మేస్త్రీ" అన్నాడు. ఈయన తలెత్తలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి బానెట్ మూసి ఆ సందులో పెన్సిలు పెడితే, పైనుంచి కింద దాకా ఒక్కతీరుగా జారింది. ఓనరు తనే పట్టుకుని రెండుసార్లు జార్చి చూశాడు. శనివారం డాక్టరమ్మ కారు తోలుకుపోయింది.

సోమవారం నా పనైపోయింది కదా అని నేను గిన్నెలు తోముకుంటున్నాను. పనికెళ్ళిన మనిషి పావుగంటలో వెనక్కొచ్చాడు. పనిలోంచి తీసేశారేమో అనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, "ఇంకా తయారవలేదేం? ఓనరు నీకు స్టూలు వేయించాడు" అన్నాడు.

తొమ్మిదేళ్ళు కూర్చున్నాను ఆ స్టూలు మీద. ఆయన పోయాక ఇంకో మేస్త్రీ రమ్మని కబురు పెట్టాడు. ఒకరోజు వెళ్ళాను. ఆ సుత్తి చప్పుడు వేరే... సరే, లే, అన్నం చల్లారిపోతోంది.