ఏటి ఒడ్డున ఇల్లు, అంత చవగ్గానా!

అధ్యక్ష స్థానంలో ఉన్న ప్రాంతీయ మేనేజరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇందాకటి నుంచీ గడియారం చూసుకుంటున్న మా బ్రాంచి మేనేజరు గారికి, నాకంటే ముందే రిటైరై, వీడెలా రిటైరవుతాడో చూద్దామని పనిగట్టుకుని వచ్చిన పెద్దలకి, సర్వేయర్ల గదిలోని తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, పిలవగానే వచ్చిన మా ఇంటి ఓనరు గారికి, అందరికంటే వెనక, తలుపు పక్క కుర్చీలో కూర్చున్న మా ఆవిడకి నమస్కారం. మా ఆవిడ ఇందాక ముందు వరసలోనే ఉంది. అధ్యక్షులవారి ప్రసంగం అయ్యాక హ్యాండ్‌బ్యాగు తీసుకుని అక్కడికి మారింది. ఫ్యాను గాలి కోసం మారిందని మీరనుకుని ఉంటారు. ఫ్యాను ముందు వరస మీదే ఉంది. ఎందుకు మారిందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. మీకూ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందుగా, ఇందాక నా గురించి చెప్పిన మంచి మాటలన్నిటికీ కృతజ్ఞతలు. కృతజ్ఞతలే కానీ, నాకు అనుమానంగా కూడా ఉంది. (నవ్వులు) నవ్వకండి. అకౌంట్స్ పెద్దాయన నన్ను నిజాయితీకి నిలువుటద్దం అన్నారు. ఇన్నేళ్ళలో నా టూరు బిల్లు ఒక్కటైనా అడ్డుప్రశ్న వెయ్యకుండా పాస్ చేసిన పాపాన పోలేదాయన. ఆ నిలువుటద్దం అప్పుడు ఎక్కడ పెట్టారో మరి! ఏమండీ పెద్దాయనా, తల దించుకుంటే ఎలా? మా మేనేజరు గారేమో నేను లేని ఆఫీసుని ఊహించుకోలేకపోతున్నానన్నారు. నా కుర్చీ నిన్న మధ్యాహ్నమే కిటికీ పక్క నుంచి ఆయన గదిలోకి వెళ్ళిపోయింది. ఊహించుకోలేని మనిషి కుర్చీ ఎందుకు జరిపించారో నాకు అర్థం కాలేదు. (నవ్వులు, చప్పట్లు)

ఏం చెయ్యమంటారు, నా బుద్ధే అంత. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని మా అత్తగారు పెళ్ళయిన కొత్తల్లోనే అనేసింది. మన ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే దొరికింది. ఇక్కడ మన ఇన్సూరెన్సు ఆఫీసుకి సంబంధం లేనివాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. షాపు తగలబడిందనో, ఇల్లు మునిగిందనో, దొంగలు పడ్డారనో ఎవరైనా డబ్బు కోసం అర్జీ పెట్టుకుంటే, వెళ్ళి చూసి నిజమో కాదో తేల్చేవాళ్ళం మేం. మా గదిలో ఒక పద్ధతుంది. దాన్ని 'రెండో చూపు' అంటాం. మొదటిసారి చెప్పి వెళ్తాం, రెండోసారి చెప్పకుండా వెళ్తాం. రెండో చూపు అవ్వకుండా ఎవరూ సంతకం పెట్టరు. నాకు ఈ పద్ధతి నేర్పింది అదిగో, మూడో వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న మా గురువుగారు. గురువుగారూ, వినబడుతోందా? వినబడుతోందని తలూపుతున్నారు కానీ నాకు నమ్మకం లేదు.

ఒక బట్టల షాపాయన వరదలో తన సరుకంతా పోయిందని గుండెలు బాదుకున్నాడు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయన్నాడు. గోడ మీద మరక కూడా ఛాతీ దాకా ఉంది. పాపం, నాకు కళ్ళు చెమర్చాయి. వారం తిరక్కుండా చెప్పకుండా వెళ్ళాను. మొదటిసారి ఖాళీగా ఉన్న మేకుకి ఈసారి క్యాలెండరు వేలాడుతోంది, గల్లాపెట్టె పక్కన, కూర్చుంటే చేతికందే ఎత్తులో, గోడ మీది మరకకి కిందే. గడిచిన నెలల మీద ఆయన ఫోన్ నంబర్లూ అవీ రాసుకున్న పాత క్యాలెండరే. నీళ్ళు ఛాతీ దాకా వస్తే తడిసి ముద్దవ్వాల్సిన కాగితం ముడతైనా పడలేదు. షాపాయన నన్నూ చూశాడు, క్యాలెండర్నీ చూశాడు, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆ రోజు నుంచీ నేను ఎవరి కన్నీళ్ళనీ ఒక్కసారి చూసి నమ్మలేదు. ఇంట్లో కూడానూ! అది మా ఆవిడకి బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. మా ఆవిడ పోయినేడాది ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం నుంచి రిటైరైంది. ఇంటికొచ్చిన రోజున కాఫీ తాగుతూ ఒక మాటంది. "ఇన్నాళ్ళూ ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులో చూస్తూ బతికానండీ. ఇంటికొస్తే కిటికీలోంచి కనబడేది పక్కింటివాళ్ళ గోడ. ఇక మిగిలిన రోజులైనా దూరంగా ఉన్నదేదైనా చూడాలని ఉంది" అంది. మా ఫ్లాట్ నా ఆఫీసుకి దగ్గరని అద్దెకి తీసుకున్నది. కిటికీలోంచి చెయ్యి చాస్తే నిజంగానే ఆ గోడ తగులుతుంది. ఓనరు గారూ, మీ ఇంటిని తప్పుపట్టడం లేదు, మీరు కట్టాక పక్కవాళ్ళు కట్టుకున్నారు.

ఆవిడే వెతికింది. ఏటి ఒడ్డున ఒక పాత ఊరు. ఒకప్పుడు పడవల మీద సరుకులు దిగిన రేవట. రాతి వంతెన, గిడ్డంగులు, ఎత్తైన తలుపుల ఇళ్ళు, రాళ్ళు పరిచిన సన్న వీధులు. రైలు వేరే దారి పట్టాక వ్యాపారాలూ దాని వెంటే పోయాయి, ఊరు ఉన్నచోటే ఉండిపోయింది. మన పెన్షన్లతో మేడ ఉన్న ఇల్లే కొనుక్కోవచ్చంది. మేడ మీది గది కిటికీ తీస్తే ఏరు, ఏటి అవతలి గట్టు, ఆ వెనక పొలాలు, ఆ వెనక ఏమున్నాయో తెలీనంత దూరం. ఆ ఫొటో చూపిస్తున్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. నేను మాత్రం ఫొటో చూసి, "అంత చవకా? ఎందుకట?" అన్నాను.

బ్రోకరుని కలిశాం. నవ్వుమొహం. నవ్వుమొహం బ్రోకరంటే నాకు అక్కడే సగం అర్థమైపోతుంది. "చారిత్రక పట్టణం సార్" అన్నాడు. "మురుక్కాలవలు కూడా చారిత్రకమేనా?" అన్నాను. పడీపడీ నవ్వాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వీధిలో ప్రతి ఇంటికీ కొత్త రంగు. అది నచ్చలేదు నాకు, రంగు కింద ఏం దాచారో అని. ఒక గోడకి రంగు లేదు. అదీ నచ్చలేదు, రంగు నిలవడం లేదేమో అని. కిరాణా కొట్టాయన అడక్కుండానే "మంచి ఊరండీ" అన్నాడు. ఎవడు చెప్పమన్నాడు ఆయన్ని? నేను గోడలు తట్టుకుంటూ, గుమ్మాల కింద వంగి చూసుకుంటూ వీధి చివరికి వెళ్ళేసరికి, వెనక నాలుగైదు తలుపులు మూసుకున్నాయి. పన్నులాఫీసు నుంచి వచ్చాననుకున్నారట! (నవ్వులు)

ఇల్లు అమ్మేది ఒక పెద్దావిడ. ఆవిడ భర్త పడవలు తయారుచేసే వడ్రంగి, ఆయన పోయాక కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటోంది. మర్యాదగా మాట్లాడింది. గదులన్నీ చూపించింది. నేను ఆలోచించుకుని చెప్తానన్నాను. తిరుగు బస్సులో మా ఆవిడ నన్నేమీ అడగలేదు. అదీ అనుమానమే నాకు.

తర్వాత ముసురు పట్టింది. ఇదే అదను అనుకున్నాను. ఇన్‌స్పెక్షన్ ఉందని ఇంట్లో చెప్పి బయల్దేరాను. మా ఆవిడ కూడా ఆ రోజు చెల్లెలింటికి వెళ్ళొస్తానంది. మంచిదే, నా దారి నాకు దొరికిందనుకున్నాను. గొడుగు వేసుకుని, ప్యాంటు మడతపెట్టుకుని, ఆ ఇంటి తలుపు కొట్టాను. పెద్దావిడ తలుపు తీసి, నన్ను చూసి, "మీరూ వచ్చారా?" అంది. 'మీరూ' ఏమిటి? లోపలికి వెళ్ళి చూద్దును కదా, వెనక గదిలో మా ఆవిడ స్టూలెక్కి, టార్చిలైటు పట్టుకుని, పైకప్పు మూల చూస్తోంది. దిగి, మెడ పక్కకి వంచి, గోడకి చెవి ఆనించి తడుతోంది. అచ్చం నేను తట్టినట్టే తడుతోంది. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

ఆగండి, అయిపోలేదు. "నీ చెల్లెలు ఇక్కడికి మారిందా?" అన్నాను. "మీ ఇన్‌స్పెక్షన్ ఈ ఊళ్ళోనేనా?" అంది. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. అప్పుడు చెప్పింది. "మీరెలాగూ ఏదో వంక పెడతారని, మీరు అడగబోయేవన్నీ ముందే చూసిపెట్టుకుందామని వచ్చానండీ. వెనక గోడకి చెమ్మ ఉంది, ఉన్నట్టు ఆవిడే చెప్పింది. వానాకాలంలో ఏరు మెట్ల మీదికి వస్తుంది, గుమ్మం దాకా రాదు. పక్కింట్లో మాట్లాడాను, ఎదురింట్లో మాట్లాడాను. ఇంకేం అడుగుతారో అడగండి" అంది.

నేను మా ఆవిడని ఏమీ అడగలేదు. పెద్దావిడ వైపు తిరిగి, ఇన్నాళ్ళూ నా కడుపులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "అమ్మా, నిజం చెప్పండి. ఇంత చవగ్గా ఎందుకిస్తున్నారు?"

"ఎక్కువ చెప్తే ఎవరూ రాలేదయ్యా" అంది.

"అంతేనా?"

"అంతే. ఇద్దరూ కలిసే వచ్చుంటే ఒక్కసారి టీ పెడితే పోయేది. ఇదిగో, రెండోసారి పెడుతున్నాను" అంది, వంటింట్లోకి వెళ్తూ.



మిత్రులారా, మీకు నవ్వులాటగా ఉంది కానీ, ఆ టీ నా ముందే చల్లారిపోయింది. అబద్ధం దొరికినప్పుడు నాకు ఏం చెయ్యాలో తెలుసు. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి హాయిగా పడుకుంటాను. ఏమీ దాచని ఇంట్లో, ఏమీ దాచని మనిషి ముందు కూర్చుంటే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. బస్సులో మా ఆవిడ "ఇంకేం సాకు మిగిలింది?" అని అడిగింది. నేను వానని చూస్తూ కూర్చున్నాను.

భయమేసింది నాకు. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ భయమేసింది. పొద్దున లేచి ఎవర్నీ అనుమానించక్కర్లేకపోతే ఆ రోజంతా నేనేం చెయ్యాలి? ఇన్నాళ్ళూ మా ఆవిడకి నేను సాయంత్రాలూ ఆదివారాలూ తప్ప పెద్దగా దొరకలేదు. ఇకనుంచి పొద్దస్తమానం ఎదురుగా కూర్చుంటాను. ఆవిడ చూపు సంగతి నాకు తెలుసు. ఎవరి కంటికీ ఆననిది చూసి పేరు పెట్టే ఉద్యోగం చేసిన మనిషి. తీరిగ్గా చూస్తే నాలో ఏం కనబడుతుందో అని భయం. ఇల్లు చవకని కాదు, ఊరు పాతదని కాదు. నా తాత్సారమంతా దీనికే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అధ్యక్షులవారు ఆఫీసుకి ఫోన్ చేశారు. "రిటైరయ్యాక కూడా సలహాదారుగా ఉండిపోండి, మీలాంటివాళ్ళు మాకు కావాలి" అన్నారు. నేను సరేననలేదు, కాదనీ అనలేదు. నవ్వాను. బ్రోకరు నవ్వినట్టే. పాపం, ఆయన దాన్ని సరే అనుకుని, ఇందాక ఈ వేదిక మీద శుభవార్తగా ప్రకటించేశారు. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మా ఆవిడ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఆ కబురు ఆవిడ చెవిన పడటం ఇప్పుడే, మీతోపాటే.

అయ్యా అధ్యక్షా, మీరు నా మీద ఉంచిన నమ్మకానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆ ఉద్యోగం నేను చెయ్యను. మీ గౌరవం తగ్గించాలని కాదు, ఫోన్లోనే చెప్పాల్సిన మాట ఇక్కడ చెప్పాల్సి వచ్చింది, పెద్ద మనసుతో క్షమించండి. మా గదిలో నాకంటే చురుకైన పిల్లలున్నారు. అదిగో ఆ మూల కూర్చున్న అమ్మాయి, మొన్న కాలిపోయిన గోడౌన్‌లో నాకు దొరకనిది పట్టుకుంది. కళ్ళజోడు సర్దుకుంటోంది చూడండి, నేను ఎందుకు పొగుడుతున్నానా అని ఆరా తీస్తోంది. పైకొస్తుంది.

(తలుపు వైపు చూసి) ఏమోయ్, విన్నావు కదా? తలుపు మీద నుంచి ఆ చెయ్యి తీయి. నమ్మడం లేదని తెలుస్తోంది. నమ్మకపోవడం నేను నేర్పిందే, ఇప్పుడు నమ్మమంటే ఎలా నమ్ముతావులే. నీతో కాదు, వేరేవాళ్ళతో మాట్లాడతాను, విను.

ఓనరు గారూ, కాస్త లేచి నిలబడతారా? ఈ నెలాఖరుకి మేం ఇల్లు ఖాళీ చేస్తున్నాం. రేపే టు-లెట్ బోర్డు పెట్టుకోండి. ఇంతమంది సాక్షిగా చెప్తున్నాను.

(ఇంటి ఓనరు: "నిజంగానేనాండీ? తర్వాత మాట మార్చరు కదా!" — నవ్వులు)

చూశారా, ఈయనకీ అంటుకుంది! మార్చనండీ. కావాలంటే అద్దెకొచ్చేవాళ్ళని ఎల్లుండే తీసుకొచ్చి చూపించండి, పక్కింటి గోడ కూడా చూపించండి, దాచకండి.

(సభలోంచి భార్య: "ఓనరు గారూ, ఎల్లుండి కాదు, రేపు పొద్దున్నే తీసుకురండి. ఆయన మనసు మారకముందే." — నవ్వులు, చప్పట్లు)

విన్నారుగా! రేపు పొద్దున్నే.

గురువుగారికి, పెద్దలకి, నన్ను ఇన్నాళ్ళు భరించిన సహోద్యోగులకి, నిజమే చెప్పినా నా అనుమానాలకి బలైన వాళ్ళందరికీ కృతజ్ఞతలు. ఏటి ఒడ్డుకి ఎప్పుడైనా రండి. చెప్పి రండి, చెప్పకుండా రండి, మీ ఇష్టం. వెనక గోడకి చెమ్మ ఉంటుంది, ముందే చెప్తున్నాను.

మా ఆవిడ తలుపు దగ్గర నుంచి మళ్ళీ ముందు వరసకి వస్తోంది. నవ్వుకుంటూ వస్తోంది. ఎందుకు నవ్వుతోందో నేను అడగను.

సెలవు.