పేను పట్టుకున్న వెంట్రుక

డెల్ఫ్ట్‌లో కాలవగట్టు ఇల్లు. కిటికీ వెలుగులో మొగుడు తను అరగదీసిన భూతద్దం బిగించి పెళ్ళాన్ని పిలిచాడు.

“ఇలా రావే! నా తలలో దొరికిన పేను ఇది. ఇంత అల్పప్రాణికి దేవుడు గోళ్ళెంత అందంగా చెక్కాడో చూడు!”

“అబ్బ, ఏం పనితనమండీ! గోటితో వెంట్రుక కూడా పట్టుకుంది. ఎర్ర వెంట్రుక.”

“గాజులోంచి చూస్తే అంచుల్లో రంగులు పుడతాయిలే.”

“ఇదిగో, నా వెంట్రుక పెట్టాను. నల్లగానే ఉందే! మీదీ నలుపే. ఈ వీధిలో ఎర్రజుట్టు ఆ రొట్టెల కొట్టు మాఖ్‌టెల్డ్‌ ఒక్కదానికే.”

“ఛ! ఏం మాటలే అవి?”

“మరి దాని పేను మీ తలకి ఎగిరొచ్చిందా?”

“పేలకి రెక్కలెక్కడివే, పిచ్చిదానా! తలకి తల ఆనితేనే పాకుతాయి. నేను స్వయంగా పరీక్షించి తెలుసుకున్నాను.”

“ఎవరి తలతోనండీ?”