ఉప్పు తూచిన కవిగారి కుర్చీ

అధ్యక్షులు శ్రీధర్ గారికి, అమెరికాలో మన ఈ నోవై ఊరి తెలుగు పెద్దలకు, చలికి కోట్లు విప్పకుండానే కూర్చున్న మిత్రులకు, ఈ రోజు లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరవుతున్న కొలెట్ గారికి నమస్కారం. నేను అయిదో తరగతి చదివినవాణ్ని. మైకు ముందు నిలబడడం ఇదే మొదలు; ఎందుకో నవ్వు వస్తోంది.

కొలెట్ గారి తాతగారి అన్న ఒనోరె పుజాల్. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డు పల్లెలో ముప్పై ఏళ్లు ఉప్పు తూచి, తూకం చీటీల వెనక కవిత్వం రాసి, రెండు చిన్న పుస్తకాలు వేసుకున్నాడు. మొదటిది చేపలు చుట్టడానికి పోయింది, రెండోదాన్ని దొరికినన్ని ప్రతులూ వాళ్ల అత్తగారు పొయ్యిలో పెట్టింది, అందులో ఆవిడ మీదే ఏడు పద్యాలున్నాయి మరి. (నవ్వులు) కొలెట్ గారు లైబ్రరీలో, మిగిలిన ఒకటి రెండు ప్రతుల్ని ఫ్రెంచిలో చదివి ఇంగ్లీషులో చెబితే, మా కోడలు పద్మజ తెలుగు చేసేది, నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. రొట్టె ఎత్తుకుపోయిన సముద్రపు పక్షితో ఆయన, "పోతే పోయావు, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి పోరాదా" అంటాడు. అది విని మేం నవ్విన నవ్వుకి, కొలెట్ గారి కింద పనిచేసే అమ్మాయే వచ్చి ఆవిణ్ని ష్ అంది.

ఇక అసలు సంగతి. మీ చేతిలోని కార్డులో 'ప్రత్యేక అతిథి: మహాకవి ఒనోరె పుజాల్ గారు' అని ఉంది. ఇదిగో, వేదిక మీద ఆయనకి కుర్చీ, శాలువా. తప్పు నాది. నా నోట ఆ పద్యాలు విన్న శ్రీధర్ గారు ఫోన్ చేసి, "బాబాయ్ గారూ, కవిగారికి ఫ్లైట్ బుక్ చేసేద్దామా?" అంటే, ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లలేక, రాలేరేమో బాబూ అన్నాను. "పెద్దాయన కదా, వీల్‌చెయిర్ అడుగుదాం" అన్నారు. నేను ఊరుకున్నాను. ఆయన పోయి నూట మూడేళ్లయింది. (హాలంతా నవ్వులు. శ్రీధర్ గారు తల పట్టుకున్నారు.)

మీరు నవ్వుతారని కాదు నా భయం. వాళ్లింటి కవిని మేం వేళాకోళం చేశామని, వీడ్కోలు పూట కొలెట్ గారు నొచ్చుకుంటారని. అందుకే ఇక్కడికి వచ్చే ముందు పద్మజ చేత ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పించాను. ఆవిడ ఆ కుర్చీ వంక చూసి, ఇంగ్లీషులో ఏదో అంది. పద్మజ నా చెవిలో చెప్పింది:

"మావయ్యా, బతికుండగా ఆయన్ని ఏ సభకీ ఎవరూ పిలవలేదట. కుర్చీ తీయొద్దంటున్నారు."



కాబట్టి దయచేసి అందులో ఎవరూ కూర్చోకండి. కొలెట్ గారూ, ఇంకా పదకొండు పద్యాలు మిగిలాయి, మా ఇంటికి రండి. ఈసారి బతికున్నవారినే పిలుస్తున్నాను.

ఓపిగ్గా నవ్వినందుకు అందరికీ దణ్ణం. సెలవు.