వెలగని బల్బు కోసం

పందొమ్మిది వందల తొంభై రెండు, జూలై ఆరవ తేదీన, వాన కురుస్తున్న ఉదయం మా ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్ర ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించిన టీచరు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిననాడు ప్రయోగశాల పేరిట ఆవిడకు చూపించింది ఒక బల్ల, తాళంచెవి లేని బీరువా. పాడైన రేడియోలోంచి గోరంత ఎర్ర బల్బు ఊడదీసి, టార్చి సెల్లులు వరుసగా కట్టి, రెండు పెన్సిల్ ములుకులకు తీగలు చుట్టి, విద్యుద్వాహకత పాఠానికి కావలసిన పరికరాన్ని ఆవిడే తయారుచేసుకున్నారు.

తరువాతి కాలంలో కొత్త బల్లలు వచ్చాయి, సీనియర్ ఉపాధ్యాయిని హోదా వచ్చింది; ఆ బల్బు మాత్రం మారలేదు. నూనెలో వెలగదు, నిమ్మరసంలో వెలుగుతుంది, ఉప్పునీటిలోనైతే ములుకుల చుట్టూ బుడగలు కూడా లేస్తాయి. "గడ్డగా ఉన్న ఉప్పులో అయాన్లు కదల్లేవు. నీళ్ళలో కరిగితేనే విడివడి నడుస్తాయి" అంటూ విద్యుద్విశ్లేషణ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు.

చిక్కల్లా మంచినీటితోనే. శుద్ధమైన నీటిలో బల్బు వెలగదని పుస్తకం చెబుతుంది. మా బోరు నీళ్ళలో చక్కగా వెలిగేది.

"టీచర్, పుస్తకమే తప్పు!" అని ఏటా ఎవరో ఒకరు అరిచేవారు.

"ఆ వెలుగు నీళ్ళది కాదురా, అందులో కరిగిన లవణాలది."

పిల్లలు రాసుకునేవారు, నమ్మేవారు కాదు. బ్యాటరీల కొట్టు నుంచి స్వేదనజలం తెచ్చి పోసినా బల్బు మిణుకుమనేది. "లోకమంతా బల్బు వెలగాలని కోరుకుంటే, వెలగకూడదని మీ తపస్సేమిటమ్మా?" అని ప్రధానోపాధ్యాయులు ఆటపట్టించేవారు. ఆవిడా నవ్వేవారు. పిల్లలు వెళ్ళిపోయాక మాత్రం ఆ చిన్న వెలుగు వంక చూస్తూ నిలబడిపోయేవారు. ఒక్క తరగతికైనా ఆ చీకటిని చూపించాలన్న కోరిక ఏళ్ళు గడిచినా తీరలేదు.

కారణం తెలియక కాదు. మా బడి ఆయమ్మ రోజూ పొద్దున్నే గాజు గ్లాసులను బోరు నీళ్ళతో తళతళలాడేలా కడిగి బోర్లించేవారు. ఆ తడిలో ఉన్న లవణాలే చాలు. "మా టీచరమ్మ గ్లాసులు" అని మురిసిపోయే మనిషికి ఆ మాట చెప్పడానికి టీచరు గారికి నోరు రాలేదు.

ఈసారి చివరి పాఠం. ఆవిడ ముందుగా వచ్చి, గ్లాసును స్వేదనజలంతో తానే కడిగి పెట్టి, హాజరు పట్టీ తేవడానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆయమ్మ దాన్ని మళ్ళీ బోరు నీళ్ళతో కడిగేశారు.

"ఎవరో సరిగ్గా కడక్కుండా పెట్టేశారమ్మా. నేను చూశాను కాబట్టి సరిపోయింది!"

ఇక చెప్పక తప్పలేదు. ఆయమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇన్నేళ్ళూ నావల్లేనా? ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా తల్లీ?"

"తప్పు నీ చేతులది కాదక్కా, మన నీళ్ళది."

"నీళ్ళది కాదు, మీ మొహమాటానిది!" అంటూ ఆయమ్మ స్వేదనజలం డబ్బా లాక్కుని, గ్లాసునూ ములుకులనూ దానితోనే పదేపదే కడిగారు. ఆపైన తరగతి గుమ్మంలోనే నిలబడిపోయారు.

కిటికీలు మూశారు. ములుకులు నీటిలో మునిగాయి. బల్బు వెలగలేదు.

"టీచర్, వైరు ఊడినట్టుంది" అన్నాడొకడు.

"ఊడలేదు. చిటికెడు ఉప్పు వేస్తాను, చూడు." కానీ ఆవిడ చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. "కాస్త ఆగండర్రా. నన్ను కొంచెంసేపు చూడనివ్వండి."

పిల్లలు బల్లకు ఇంకాస్త దగ్గరగా జరిగారు.

"వెలగలేదు కదమ్మా?" గుమ్మంలోంచి ఆయమ్మ గుసగుసగా అడిగారు.

"లేదక్కా." అప్పుడు ఉప్పు జారవిడిచారు. ఎర్రటి వెలుగు మెల్లగా వచ్చింది.

వచ్చే ఏడు ఆ బల్ల దగ్గర మరొకరు నిలబడతారు. కిటికీలు మూసినప్పుడల్లా మా చెవులు మాత్రం ఆ పాత గొంతు కోసమే వెతుక్కుంటాయి. టీచరు గారి మోకాళ్ళకు నొప్పి, కళ్ళకు మసక రాకూడదని, మనవరాలికి పాఠాలు చెప్పుకుంటూ ఆరోగ్యంగా, ఆనందంగా చాలాకాలం చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ గ్లాసును ఇకపై ఎవరినీ బోరు నీళ్ళతో కడగనివ్వనని ఆయమ్మ మాట ఇచ్చారు. అది కూడా ఇక్కడ రాయమన్నారు.