కాలరు లోపలి ఎర్ర దారం

నవంబరు ఇరవై ఒకటి, బుధవారం. ఈ రోజు ఉదయం షాపు తెరిచిన కాసేపటికి, పోయిన మార్చిలో మేము పూడ్చిపెట్టి వచ్చిన మా బావ లోపలికి వచ్చి, ప్యాంటు నడుము వదులు చేయమని అడిగారు.

నేను టైలరు మాస్టారి చిన్న కూతురిని. వయసు పంతొమ్మిది. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులు లేని వేళల్లో షాపులో కాజాలు కుడతాను. బజారు వీధి చివర రెండు గదుల షాపు మాది. ముందు గదిలో నాన్న మిషను, కటింగు బల్ల ఉంటాయి. వెనక గదిలో మా అక్క ఇస్త్రీ చేస్తుంది. నేను చూసినదీ విన్నదీ వరసగా చెబుతున్నాను.

బావ చేతిలో ప్యాంటు ఉంది. ఒంటి మీద నీలం చారల చొక్కా ఉంది. నా చేతిలోని సూది కింద పడింది. వెతకడానికి వంగి, అలాగే ఉండిపోయాను.

"ఏం మరదలా, దెయ్యాన్ని చూసినట్టు నక్కుతున్నావు? నడుం దగ్గర బిగుతైంది. రెండు వేళ్ళు వదులు చెయ్యి. మీ అక్కేది?" అన్నారు.

నాన్న మిషను ఆపలేదు. చేతిలో ఉన్న కుట్టు చివరిదాకా వేసి, దారం కత్తిరించి, అప్పుడు తలెత్తారు. ముందు చొక్కా చూశారు. తర్వాత కూడా చొక్కానే చూశారు.

"ఈ చొక్కా ఎక్కడిది?" అన్నారు.

"మీరు కుట్టిందే కదా మామయ్యా. పెళ్ళయిన ఏడు పెట్టారు."

"నేను కుట్టింది పోలీసుల దగ్గరుంది. నీ శవం మీద నుంచి తీశారు."

ఇక్కడ, నా వాంగ్మూలం రాసుకుంటున్న స్టేషను రైటరు గారు, శవం అని రాయాలా, మృతదేహం అని రాయాలా అని అడిగారు. నాన్న అన్న మాట శవమే. అలాగే రాయమన్నాను.

ఆ సంగతి ముందు చెప్పాలి. అక్కా బావా ఊరి అవతల మిల్లు క్వార్టర్లలో ఉండేవారు. మిల్లు మూతపడ్డాక అక్కడివాళ్ళు తలోదిక్కూ పోయారు. బావకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. మార్చిలో ఒక పొద్దున ఆయన చెప్పా పెట్టకుండా వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు కాలువ తూము దగ్గర ఒక మనిషి తేలాడు. పోలీసులు నాన్నను తీసుకెళ్ళారు. వెంట నేను వెళ్ళాను. నీళ్ళలో నాని మొహం మొహంలా లేదు. నాన్న చొక్కా బొత్తాలు విప్పి, కాజాలను వేలితో తడిమి, "మా అల్లుడే" అన్నారు. నాన్నది ఎడమచేతి వాటం. ఆయన కుట్టిన కాజా చివర ముడి అవతలి వైపు వాలి ఉంటుంది. అలా కుట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. పైగా ఆ గుడ్డ ఒక తాను చివర మిగిలిన ముక్క. చొక్కాకు సరిపోయింది గానీ జేబుకు చాలలేదు. అందుకని జేబు మాత్రం చారలు అడ్డంగా వచ్చేటట్టు కత్తిరించారు. చనిపోయిన మనిషి జేబు మీద చారలు అడ్డంగానే ఉన్నాయి.

అక్క మొహం చూడనంది. నాన్న చెప్పాక చూడక్కర్లేదంది. మా ఇంట్లో మనుషుల్ని మేము అలాగే గుర్తుపడతాం. ఎవరైనా వీధిలో ఎదురైతే, భుజం చూసి, కాలరు చూసి, అప్పుడు పలకరిస్తాం. అది అందరూ చేసే పని కాదని నాకు ఈ రోజే తెలిసింది.

తిరిగి షాపులో జరిగింది చెబుతున్నాను.

"నేను చచ్చానా? ఎవరు చెప్పారు?" అన్నారు బావ.

"నేనే చెప్పాను," అన్నారు నాన్న.

"మొహం చూడలేదా?"

"చూశాను. కాజాలు కూడా చూశాను."

బావ కటింగు బల్ల పట్టుకుని నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "కాజాలు చూసి పూడ్చేశారా! మామయ్యా, మీకు దణ్ణం పెట్టాలి. మరి మీ అక్క ఏడ్చిందా?" అని నన్ను అడిగారు. అక్క ఏడవలేదు.

అప్పుడు అక్క వెనక గది గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. బావను చూసి, రెండో చేత్తో జాకెట్టు చేతుల్ని కిందికి లాక్కోబోయింది. అక్కడ లాగడానికి గుడ్డ లేదు. దీని సంగతి కూడా రాయమని కోరుతున్నాను. పెళ్ళయిన ఏడు అక్క తన జాకెట్ల చేతులు మోచేతి దాకా పెంచమంది. మరుసటి ఏడు మణికట్టు దాకా పెంచమంది. ఎండాకాలం కూడా అవే వేసుకునేది. నాన్న కొలత తీసుకున్నారు, పెంచారు, ఎందుకని అడగలేదు. అంత్యక్రియలయిన మర్నాడు అక్క తన జాకెట్లన్నీ మూట కట్టి తెచ్చి, "చేతులు పొట్టివి చెయ్యి నాన్నా" అంది. నాన్న ఆ రోజు వేరే పని ముట్టుకోలేదు. కత్తిరించిన చేతుల ముక్కలు ఇప్పటికీ బల్ల కింద సంచిలో ఉన్నాయి. మిషను తుడవడానికి అవే వాడుతున్నాం.

"చేతులు పొట్టివి చేయించుకున్నావే! ఎవరి మెప్పు కోసం?" అన్నారు బావ. "బట్టలు సర్దుకో. రేపు సాయంత్రం బస్సుంది. మంచి పని దొరికింది, ఇల్లు కూడా ఇచ్చారు. ఈసారి గోడలు మందం. చుట్టుపక్కల వాళ్ళ గొడవుండదు."

అక్క ఇస్త్రీ పెట్టె కింద పెట్టలేదు. నాన్న వైపు తిరిగి, "నాన్నా, ఈయనెవరు?" అంది.

నాన్న చాలాసేపు చొక్కా చూశారు. "తెలీదమ్మా. చొక్కా మనది కాదు," అన్నారు.

బావ మళ్ళీ నవ్వారు. ఈసారి తొందరగా ఆపేశారు. "పదండి స్టేషనుకి. చచ్చినవాణ్ణో బతికున్నవాణ్ణో వాళ్ళే చెబుతారు. పదవే!" అని అక్క చెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న చోటు నేను చూశాను. పాత మచ్చ మీదే సరిగ్గా పట్టుకున్నారు. పోలీసుల్ని పిలిచింది మేము కాదు. ఆయనే మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు.

ఇక్కడ ఇన్‌స్పెక్టరు గారు నన్ను ఆపి, "బావ, బావ అంటున్నావు. అంటే గుర్తుపట్టినట్టేనా?" అని అడిగారు. అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాట అని చెప్పాను. ఇక్కడినుంచి 'వచ్చిన మనిషి' అని రాయమని కోరాను.

స్టేషనులో వచ్చిన మనిషి చేత చొక్కా విప్పించారు. అతను బనియనుతో కుర్చీలో కూర్చున్నాడు. సామాన్ల గది నుంచి పాత మూట తెచ్చి, రెండు చొక్కాలూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. ఒకటి కాలువ బురద మరకలతో ఉంది, ఒకటి చెమటతో ఉంది. రెండింటి చారలూ ఒక్కటే. రెండింటి కాజాలూ అవతలి వైపే వాలి ఉన్నాయి. రెండింటి జేబుల మీదా చారలు అడ్డంగా ఉన్నాయి.

రైటరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు.

"మాస్టారూ, రెండోది ఎప్పుడు కుట్టారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"కుట్టలేదండి. గుడ్డే లేదు."

"మరి ఇదెవరు కుట్టారు?"

"నాకు తెలీదండి. పోయినాయన ఒంటి మీదిది మాత్రం నాదే. ఇది కాదు."

"తేడా ఏముందో చూపించండి."

"చూపిస్తే కనపడేది కాదండి. నా చెయ్యి నాకు తెలుసు."

"తప్పుడు గుర్తింపు చెబితే కేసవుతుంది మాస్టారూ. జైలుకెళ్తారు."

"వెళ్తానండి," అన్నారు నాన్న.

అక్కను అడిగారు. నాన్న చెప్పిందే తన మాట అంది. మొహం చూసి చెప్పమన్నారు. అతని మొహం వైపు తిరిగి, చాలాసేపు చూసి, "ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు" అంది. అక్క అబద్ధమాడితే మెడ ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు.

వచ్చిన మనిషి నవ్వలేదు. "ఒసేయ్, తమాషాగా ఉందా? ఇంటికి పద, చెబుతాను," అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు అతన్ని కూర్చోమన్నారు.

నన్ను అడిగారు. మొహం అలాగే ఉందండి, గొంతు అలాగే ఉందండి, కానీ మొహాలు మా ఇంట్లో ఎవరికీ అంతగా గుర్తుండవు అని చెప్పాను. "అయితే కొలతలు తీసుకో," అని ఇన్‌స్పెక్టరు గారు వేళాకోళమాడారు. నా మెడలో టేపు ఉంది. తీసుకున్నాను. భుజం పాత కొలతకు సరిపోయింది. నడుము సరిపోలేదు. మనిషి లావెక్కుతాడు కదా అన్నారు. ఎక్కుతాడండి, నేను కొలిచింది రాయండి అన్నాను.

అప్పుడు నాన్న కాలరు సంగతి చెప్పారు. ఎవరి చొక్కా కుట్టినా, కాలరు మూసేముందు లోపల ఎర్ర దారంతో ఒక ముడి వేస్తారు. నాన్నకు పని నేర్పినాయన పద్ధతి అది. బయటికి కనిపించదు, విప్పితే గానీ తెలియదు. ఆ ఎర్ర రీలు చిన్నప్పటినుంచీ నేనే పట్టుకుంటాను కాబట్టి అది నిజమని నాకు తెలుసు. ముడి ఏ కాలరులో ఉంటే అది నాన్న కుట్టిన చొక్కా. రెండింటిలోనూ ఉంటే ఏమంటారని అడిగారు. నాన్న బురద మరకల చొక్కా కాలరు సరిచేశారు.

ఇంటివాళ్ళకు తెలిసిన గుర్తు ఇదొక్కటే కాబట్టి దీన్నే చూస్తామని ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. వచ్చిన మనిషి చొక్కాలో ముడి దొరికితే అతనే అల్లుడు, మరణం కాగితం కొట్టేస్తారు. అక్కతో మంచిగానే అన్నారు, "తేలిపోతే రేపు సాయంత్రం బస్సుకే మీ ఆయనతో వెళ్ళిపోవచ్చమ్మా, దిగులుపడకు" అని. అక్క నేల వైపు చూసింది. ఈ గది నేల ఎర్ర సిమెంటు నేల.

మాస్టారు విప్పకూడదు, మరి ఎవరు విప్పుతారని ప్రశ్న వచ్చింది. వచ్చిన మనిషే నన్ను చూపించాడు. "మరదలు విప్పుతుందండి. పుస్తకాల పురుగు. దానికి అబద్ధం చెప్పడం రాదు," అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

తర్వాత బయట బెంచీ మీద నాన్న నాకు ఏం చెప్పారని మీరు అడిగారు. ఏమీ చెప్పలేదు. నా మెడలోంచి టేపు తీసుకుని, చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు. అక్క ఒక్క మాట అంది. "నీ చెయ్యి తేలికది," అంది. చిన్నప్పుడు నా కాజాలు చూసి మెచ్చుకునే మాటే అది.

మేము పూడ్చినాయన ఎవరని ఈ రోజు ఎవరూ అడగలేదు. నేను అడగదలుచుకున్నాను, సమయం రాలేదు. ఎనిమిది నెలలు ఆయన్ని మా మనిషి అనుకుని, నేనూ నాన్నా ఆదివారాలు వెళ్ళి, చుట్టూ గడ్డి పీకి వచ్చాం. ఆయన కోసం ఎవరైనా ఎక్కడైనా వెతుకుతూ ఉండవచ్చు. నాన్న చొక్కా ఆయన ఒంటి మీదికి ఎలా వచ్చిందో, రెండో చొక్కా ఎవరి చేతిలో తయారైందో నాకు తెలియదు. ఊహించి చెప్పలేను. ఒక్కటి మాత్రం అనుకుంటున్నాను. ఆయన మా అక్కకు ఎనిమిది నెలలు ఇచ్చారు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు, ఇందులో నేను అబద్ధం చేర్చలేదు. 'బావ' అన్న మాట మీద అక్కడక్కడా ఉన్న కొట్టివేతలు నేను కోరినవే.

సంతకం పెట్టేముందు ఇంకొక మాట రాయించుకుంటున్నాను. రేపు పొద్దున పదింటికి ఇద్దరు పెద్దమనుషుల ఎదుట, ఈ గదిలోనే, ఈ బల్ల మీదే రెండు కాలర్లూ నేను విప్పుతాను. బ్లేడు నేనే తెచ్చుకుంటాను. ముందు పోయినాయనది, తర్వాత వచ్చిన మనిషిది. దారం సన్నది, పాతది. విప్పేటప్పుడు తెగి కింద రాలిపోవచ్చు. రాలితే ఈ నేల మీద కనిపించదు. ఆ సంగతి ముందే మీ దృష్టికి తెస్తున్నాను.

(సంతకం)